జవాబు తెలిసినవాడు

పదిన్నరకు పిలుస్తామన్నారు, పదకొండు దాటింది, వికారాబాదు కోర్టు వసారాలో ఈ చెక్క బల్ల మీద నేను నిటారుగానే కూర్చున్నాను, డెబ్బై నాలుగేళ్ల వెన్నెముక ఇంకా నా మాట వింటుంది, చేతుల గుండీలు పెట్టుకున్నాను, చెప్పవలసిన వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది: ఆ దూరం నుంచి, ఆ దుమ్ములో, ముఖాలను నేను నిశ్చయంగా గుర్తించలేకపోయాను. దోషం లేని వాక్యం. దశరథ్ తరఫు వకీలు నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి సరుకు ఇచ్చాడు, దానికి రూపం నేను ఇచ్చుకున్నాను. అబద్ధం చెప్పమనడం లేదు సార్, సరిగ్గ కనబడలేదంటే సరిపోతది, అన్నాడతను. మూడేళ్ల క్రితం తాండూరు ఠాణాలో, దశరథ్ కొడుతుంటే చూశాను అని చెప్పినవాణ్ణి నేనే. ఇవాళ ఆ మాట మీద నిలబడితే నా దగ్గర చదువుకున్న దశరథ్ జైలుకు పోతాడు. నిలబడకపోతే నా దగ్గరే చదువుకున్న బాలస్వామిని ఎవరూ చంపనట్టే అవుతుంది, ఎందుకంటే మిగిలిన సాక్షులందరూ దశరథ్ నాపరాళ్ల పాలిషింగ్ యార్డులో పనివాళ్లు, ఒకరి తరువాత ఒకరు బోనెక్కి, మేమేం చూడలేదయ్యా అని చెప్పి, దిగి, బస్సెక్కి వెళ్లిపోయారు. ఇక నేనొక్కణ్ణే మిగిలాను. జేబు రుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నాను. కళ్లజోడు శుభ్రంగానే ఉంది. ఆనాడూ శుభ్రంగానే ఉంది.

బల్లకు అవతలి కొసన ఒక పిల్ల పోటీ పరీక్షల పుస్తకం ఒళ్లో పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీస్తోంది, ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి, బాలస్వామి కూతురు జ్యోతిరాణి అని నాకు తెలుసు, ప్రతి వాయిదాకూ వస్తుంది, కింద గచ్చు మీద దాని నాయనమ్మ సంతోషమ్మ గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను అటు చూడకుండా ఉండగలుగుతున్నాను. బల్ల ఇంత పొడవు ఉన్నందుకు ప్రభుత్వానికి మనసులో కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. అంతలో ఆ పిల్ల పుస్తకంతో సహా నా వైపు జరిగింది. "సార్, జర ఒక్కటి చెప్తరా? నాలుగు జవాబులిచ్చిండు, రెండు ఒక్కతీరుగనే కొడుతున్నయ్." వేలు పెట్టిన చోట చూశాను. షై అవే ఫ్రమ్. నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషిని ఎవరైనా అర్థం అడిగితే, ఎక్కడ కూర్చున్నాడో, ఎవరు అడిగారో మరిచిపోతాడు, నేనూ మరిచిపోయాను, గొంతు సవరించుకున్నాను. "గుర్రం మీద ఒక మనిషి పోతున్నాడనుకో అమ్మా. బాట మధ్యలో ఏదో పడి ఉంది. మనిషికి కనపడలేదు, గుర్రానికి కనపడింది. బెదిరి పక్కకు జరిగింది. వెనక్కు పారిపోలేదు, కింద పడలేదు, పక్కకు జరిగి మళ్లీ నడక సాగించింది. అంతే. చేయవలసిన పని ఎదురుగా కనపడుతున్నా, బెరుకు వల్ల దాని పక్కనుంచి పోవడం." పిల్ల రాసుకోలేదు. పెన్సిలు ఆగిపోయింది. నా ముఖంలోకి చూస్తూ, "నాయిన గూడ గీ గుర్రం ముచ్చటనే చెప్పిండు సార్, నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు. అచ్చం గిట్లనే. మర్చిపోయిన," అంది.

ఆ గుర్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది నాది. ఏళ్ల తరబడి పదో తరగతికి నేనే చెప్పిన కథ, కాగ్నా వాగు అవతలి ఊరి బడిలో, నాపరాళ్లు పరిచిన గదిలో, ఎండాకాలం ఆ రాళ్లు చల్లగా ఉంటాయని పిల్లలు బల్లలు వదిలి నేల మీద కూర్చునేవారు, మూడో వరుసలో గోడవైపు బాలస్వామి, నూనె రాసి అణిచిన జుట్టు, ఏది అడిగినా లేచి నిలబడి నేల చూసేవాడు, సంవత్సరమంతా ఒక్క ఇంగ్లీషు ప్రశ్నకైనా నోరు తెరవలేదు. మొద్దు అనుకున్నాను. అనుకోవడమే కాదు, అన్నాను కూడా, గది మొత్తం వినేటట్టు, నవ్వేటట్టు. పరీక్షలో డెబ్బై ఆరు మార్కులు వచ్చినప్పుడు పక్కవాడి కాగితంలోకి చూసి రాశాడన్నాను. ఇప్పుడు ముప్పై ఏళ్ల తరువాత వాడి కూతురు నా గుర్రాన్ని నాకే తిప్పి ఇస్తోంది, పక్కకు జరిగిన తీరుతో సహా. "మీ నాయన నా క్లాసులో ఏనాడూ జవాబు చెప్పలేదమ్మా," అన్నాను, నా గొంతులో ఏదో ఫిర్యాదు ఉంది, వాడు నన్ను మోసం చేసినట్టు.

నేల మీద నుంచి సంతోషమ్మ నవ్వింది. నోట్లో నాలుగు పళ్లు లేవు. "ఎట్ల చెప్తడు సారూ? చెప్పినోడు చెప్పనోన్ని కొట్టాలె గద మీ బళ్లె."

"అది కేవలం పిల్లలకు పట్టుదల రావాలని..."

"రాకేం సారూ, మస్తు పట్టుదల. మావోడు ఇంటికొస్తే పుస్తకం సూడకుంట చెంప జూసి, ఇయ్యాల ఇంగ్లీషు క్లాసయింది అనుకునేదాన్ని." మళ్లీ నవ్వింది, కొంగుతో మూతి తుడుచుకుంది. "మావోనికి అన్నీ ఎరుకే. కని జవాబు చెప్తే దశరథ్ పటేలును గొట్టాలె. మేం బతికింది ఆళ్ల చేన్లనే. ఆయన చెంపకు మావోని ఏలు తాకితే తెల్లారి కందిచేన్ల మమ్ముల కాలు పెట్టనిస్తురా? నేనే చెప్పిన సారూ. ఒరే కొడకా, వచ్చినా రాదను, దెబ్బలు తిను, చదువు మాత్రం ఇడువకు అని."

జ్యోతిరాణి, "ఇప్పుడెందుకే నానమ్మా అవన్ని," అని పుస్తకం మూసింది. నేను రుమాలు మళ్లీ తీశాను, మడత విప్పాను, మళ్లీ మడత పెట్టాను.

అది నేను కనిపెట్టిన పద్ధతి కాదు, నన్ను చదివించిన గురువుల పద్ధతే, ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల ఏ బడిలోనైనా అదే, ప్రశ్నకు జవాబు చెప్పినవాడు చెప్పలేనివాళ్ల వరుస ముందుకు వస్తాడు, ఒక్కొక్కడి ముక్కు ఎడమచేతి రెండు వేళ్లతో పట్టుకుంటాడు, తల కదలకుండా, కుడిచేత్తో చెంప మీద కొడతాడు, కొట్టేవాడు స్నేహం కొద్దీ మెత్తగా కొడితే ఉపాధ్యాయుడు లేచి వచ్చి కొట్టేవాణ్ణి కొట్టి చూపిస్తాడు, దెబ్బ అంటే ఇదీ అని. ఎన్నిసార్లు లేచానో. దశరథ్ మొదట మెత్తగా కొట్టేవాడు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. పదో తరగతి మొదటి నెలలో వాడు బాలస్వామి ముక్కు పట్టుకుని, ముసిముసిగా నవ్వి, చెంపను అంటీ అంటనట్టు తాకాడు, వాళ్లిద్దరూ వాగులో కలిసి ఈత కొట్టేవాళ్లు, బాలస్వామి కూడా నవ్వాడు, నేను కుర్చీలో నుంచి లేచి వెళ్లి దశరథ్ ముక్కు పట్టుకుని, కంట్లో నుంచి నీరు చిందేటట్టు ఒక్కటి వేసి, ఇప్పుడు వెయ్యి అన్నాను. వేశాడు. చాలదన్నాను. మళ్లీ వేశాడు. ఆ రెండో దెబ్బ చప్పుడుకు బయట వేపచెట్టు కింద ఏడో తరగతి చదువు ఆగిపోయింది. బాలస్వామి చెవి వెంట సన్నగా నెత్తురు వచ్చింది, వాడు దాన్ని తుడుచుకోలేదు, నేల మీద చుక్క పడితే పాదంతో కప్పాడు. శెభాష్ అన్నాను నేను. దశరథ్ ముఖంలో అప్పటిదాకా లేనిదేదో వెలిగింది, గురువు మెచ్చుకున్నాడన్న గర్వం అనుకున్నాను, సంతోషించాను, ఆ తరువాత వాడికి నేను ఎన్నడూ చూపించవలసిన అవసరం రాలేదు. ఉద్యోగ విరమణ రోజున శాలువా కప్పి సన్మాన పత్రం చదివినవాడు వాడే, గురువుగారు ఏ బాధ్యతకూ వెనుకాడని ధీరులు అని, పత్రం అచ్చు వేయించింది కూడా వాడే, అద్దంలో బిగించిన ఆ కాగితం కింద కూర్చుని నేను ప్రతి ఉదయం పేపరు చదువుతాను.

బడి తరువాత దశరథ్ తాండూరులో పాలిషింగ్ యూనిట్ పెట్టాడు, బాలస్వామి అందులోనే పనికి కుదిరాడు, నేను విరమణ తరువాత కట్టుకున్న ఇల్లు ఆ యార్డు వెనుక గోడకు ఆనుకునే ఉంది, పగలంతా యంత్రాల రొద, తెల్లని రాతిబురద కాలువలో పారుతూ ఎండి గట్టిపడేది. కోత యంత్రం రంపానికి ఉండే రక్షణ కప్పు తీసేసి పని చేయించేవారు, బండలు త్వరగా తెగుతాయని, ఒకనాడు హన్మయ్య అనే పనివాడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగింది. విచారణకు అధికారి వచ్చాడు. కప్పు ఉందా అని అందరినీ అడిగాడు. ఉంది సార్, ఉంది సార్, అన్నారంతా. బాలస్వామి లేదన్నాడు. ఆరు నెలల నుంచి లేదు, తీసినది ఎవరో కూడా చెప్తాను అన్నాడు. జీవితంలో మొదటిసారి వాడు అందరి ముందు జవాబు చెప్పాడు, ఇంతకుముందు నాకది తట్టలేదు, ఇప్పుడు ఈ బల్ల మీద, ఈ ముసలామె నవ్వు విన్న తరువాత తట్టింది, బడిలో రాదు రాదు అని దెబ్బలు తిన్నవాడు ఒక్కసారి వచ్చు అన్నాడు.

మర్నాడు సాయంత్రం అయిదున్నర. కరెంటు పోయింది, యంత్రాలు ఆగాయి, రొద ఆగాక తాండూరులో ఒక రకమైన చెవిటి నిశ్శబ్దం ఉంటుంది, నేను మేడ మీద నడుస్తున్నాను, డాక్టరు చెప్పిన ముప్పై నిమిషాల నడక, బండల మీద నీళ్లు చల్లి ఉన్నాయి, దుమ్ము లేదు, ఆ రోజు దుమ్ము అనేది లేనే లేదు, గోడ అవతల ఇరవై అడుగుల కింద ఇద్దరు మనుషులు బాలస్వామి చేతులు వెనక్కు విరిచి పట్టుకుని ఉన్నారు, దశరథ్ చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు, తొందర లేకుండా, ఒక్కో మడతా సమంగా. "చెప్పరా, ఏం చెప్పినవ్ ఆఫీసరుకు? మళ్ల చెప్పు." "ఉన్నదే చెప్పిన అన్నా. రేపు ఇంకోని చెయ్యి పోతది." అప్పుడు దశరథ్ ఎడమచెయ్యి లేచింది, రెండు వేళ్లు బాలస్వామి ముక్కును పట్టుకున్నాయి, తల కదలకుండా, నేను చూస్తున్నది యార్డును కాదు, నా తరగతిగదిని. చెంప మీద పడిన దెబ్బ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. రెండోది. మూడోది. ముక్కు వదిలిపెట్టలేదు. పెదవి చిట్లింది, పళ్ల మధ్య నుంచి నెత్తురు గడ్డం మీదికి, చొక్కా మీది రాతిపొడిలోకి దిగి గులాబీరంగు ముద్ద అయింది. తరువాత పిడికిలి. తరువాత, చేతికి నొప్పి పుట్టిందేమో, గోడవారన నిలబెట్టిన అంచుముక్కల్లో నుంచి మూరెడు నాపరాయి తీసుకున్నాడు, మొదటి దెబ్బ భుజం మీద, ఎముక విరిగిన శబ్దం ఎండుకట్టె విరిగినట్టు ఉండదు, తడిగా ఉంటుంది, రెండో దెబ్బ చెవి మీద, పట్టుకున్న ఇద్దరిలో ఒకడు భయపడి వదిలేశాడు, బాలస్వామి ఒక పక్కకు వేలాడాడు, దశరథ్ వాడి జుట్టు పట్టి తల పైకెత్తాడు, ఎత్తిన ఆ ముఖం ఆకాశం వైపు తిరిగింది, ఆకాశానికీ వాడికీ మధ్య మేడ గోడ మీద చేతులు ఆనించి నేను ఉన్నాను. ఒక కన్ను మూసుకుపోయింది, రెండో కన్ను నన్ను చూసింది. "సార్," అన్నాడు. గట్టిగా కాదు. బడిలో నీళ్లు తాగి వస్తానని అడిగినట్టు.

ఠాణాలో ఈ మాట చెప్పలేదు. ముక్కు సంగతి చెప్పలేదు, సార్ అన్న సంగతి చెప్పలేదు, కొట్టాడన్నంత వరకే చెప్పి, నా కర్తవ్యం ముగిసిందని ఇంటికి వచ్చి స్నానం చేశాను. ఇప్పుడు కొట్టాడన్నది కూడా చెప్పనక్కరలేదన్నారు, నాకు హాయిగా ఉంది, అవును, హాయిగానే ఉంది, దశరథ్ అంటే భయం వల్ల అని వకీలు అనుకుంటున్నాడు, ఆ వకీలుకు ఏం తెలుసు, దశరథ్ నన్ను ఏమీ చేయడు, నాకు వాడంటే భయం లేదు.

మెట్ల దగ్గర జనం పక్కకు తప్పుకున్నారు. తెల్లచొక్కాలో దశరథ్ వస్తున్నాడు, బెయిలు మీద ఉన్నవాడు, తల కొంచెం నెరిసింది, చేతిలో చాయ్ కప్పు, సంతోషమ్మ చాపిన కాళ్లను చూసి ఆగి, చుట్టూ తిరిగి నా దగ్గరకు వచ్చాడు. జ్యోతిరాణి లేచి నాయనమ్మ పక్కన నేల మీదికి మారింది.

"నమస్తే సార్. తిన్నరా? షుగర్ లేకుంట చెప్పిన." కప్పు రెండు చేతులతో అందించాడు, కూర్చోలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నలభై అయిదేళ్లవాడు. "సాయంత్రం మన కార్ల పోదాం సార్, బస్సులల్ల మీరెందుకు పరేషాన్ గావాలె."

"నాకు బస్సు అలవాటే," అన్నాను.

"మీ మాట ఎప్పుడన్న కాదన్ననా సార్. మీ ఇష్టం." గొంతు తగ్గించాడు. "ఒక్క ముక్క సార్. గంతే గద."

చాయ్ మీద మీగడ కట్టింది. వాడి చేతులు చూశాను, శుభ్రమైన గోళ్లు, ఎడమచేతి చూపుడువేలికి ఉంగరం, ఆ చేతులను నేను ఎరుగుదును, వాటికి పని నేర్పినవాణ్ణి, ఈ కప్పును వాడి ముఖాన విసిరికొట్టాలని ఒక్క క్షణం నా చెయ్యి నిజంగా లేచింది, వేడి చాయ్ వాడి కళ్లలో పడి వాడు కేక వేయడం నాకు కనపడింది, కప్పు పెంకులు ఏరి ఆ బుగ్గల్లో దించడం కనపడింది, డెబ్బై నాలుగేళ్ల పెద్దమనిషి లోపల ఇంత ఉందా అని ఆశ్చర్యపడ్డాను, ఆశ్చర్యపడనవసరం లేదు, నేను దాన్ని ఏళ్ల తరబడి, రోజుకు ఆరు పీరియడ్లు, ఇతరుల చేతులతో వాడుకున్నాను. కప్పును బల్ల మీద పెట్టాను. చుక్క కూడా ఒలకలేదు.

"పాండురంగం! పాండురంగం! పాండురంగం!" తలుపు దగ్గర బంట్రోతు మూడుసార్లు అరిచాడు, గారు అనేది లేకుండా, నా పేరు అంత పొట్టిగా వినడం ఎన్నేళ్లకో. లేచాను. సంతోషమ్మ కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది, తల ఎత్తలేదు, దండం పెట్టలేదు, పెడుతుందని నేను ఎందుకు అనుకున్నానో.

బోనులో పట్టుకునే కర్ర నున్నగా అరిగిపోయి ఉంది. ప్రమాణం చేశాను. ప్రభుత్వ న్యాయవాది ఏమీ ఆశించని గొంతుతో, ఆ రోజు మీరేం చూశారో కోర్టుకు చెప్పండి అన్నాడు, కాగితాల్లో నుంచి తల కూడా ఎత్తలేదు, ఎందరు ముందే చేతులెత్తేశారో అతనికి తెలుసు. వాక్యం సిద్ధంగా ఉంది. ఆ దూరం నుంచి. నోరు తెరిచాను. "ఎడమచేత్తో ముక్కు పట్టుకున్నాడు," అన్నాను. న్యాయవాది తల ఎత్తాడు. ఎవరు, ఎవరి ముక్కు? "దశరథ్, బాలస్వామి ముక్కు." ఆ తరువాత అన్నీ వాటంతటవే వచ్చాయి, దుమ్ము లేదన్నాను, పిడికిలి, రాయి, భుజం, చెవి, అన్నీ వరుసగా, నేను ఒక్కొక్కటి తెలుగులో చెబుతుంటే జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించారు, కింద నిందితుల చోట దశరథ్ నన్నే చూస్తున్నాడు, కోపంగా కాదు, ఏదో అర్థం కానివాడిలా. ముక్కు పట్టుకుని కొట్టడం బడిలో నేను నేర్పినది అన్నాను. అది ఈ కేసుకు అవసరమా అని జడ్జిగారు అడిగారు. అవసరమేనని మనవి చేశాను. టైపు మళ్లీ సాగింది.

వకీలు లేచాడు. నిన్న సాయంత్రం మా ఇంట్లో మజ్జిగ తాగిన మనిషి, ముఖం ఎర్రగా ఉంది. "పెద్దవారు, చదువుకున్నవారు. మీ ఇంటి పక్కనే ఒక మనిషిని అంతసేపు కొడుతుంటే స్పష్టంగా చూశానంటున్నారు. మరి కేకైనా వేశారా? ఒక్క కేక?"

"లేదు."

"మరి ఏం చేశారు?"

"లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. తలుపు వెనకే నిలబడి విన్నాను. చప్పుడు ఆగేదాకా విన్నాను."

వెనుక ఎక్కడో సంతోషమ్మ గొంతు, మాట కాదు, గాలి లాగుకున్న శబ్దం. వకీలుకు బలం వచ్చింది, జడ్జిగారి వైపు తిరిగి, చేతులు చాపి, "చూసినవాడు ఎవడైనా కేక వేయకుండా ఉంటాడా? వేయలేదంటే చూడలేదనే కదా? లేకపోతే ఎందుకు వేయలేదో చెప్పండి. కోర్టుకు చెప్పండి, ఎందుకు వేయలేదు?"

దశరథ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ ప్రశ్న మూడేళ్లుగా నా కోసం ఎదురుచూస్తున్నదని, నేను భయపడినది ఈ ఒక్క ప్రశ్నకేనని, నాకు అప్పుడే తెలిసింది, కర్ర గట్టిగా పట్టుకున్నాను.

"కేక వేస్తే ఆగేవాడు," అన్నాను.

వకీలు చేతులు గాలిలోనే ఉన్నాయి.

"దశరథ్ అని నేను ఒక్కసారి పిలిస్తే చాలు, రాయి వదిలేసేవాడు. నా మాట వాడు ఏనాడూ కాదనలేదు. ఆగి, తల పైకెత్తి, ఇది ఎవరు నేర్పారు సార్ అని వాడు నన్ను చూస్తాడేమోనని పిలవలేదు."

జడ్జిగారు కలం కింద పెట్టి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "ఇది రాయించమంటారా?" అని తెలుగులోనే అడిగారు.

"రాయించండి," అన్నాను.